సిమెంటులో బిగించిన మగ్గం

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మన ధర్మవరం ఇల్లు పోయిన నెల అమ్మేశాం. పట్టుచీరల షావుకారు కొన్నాడు. నీ మగ్గం మాత్రం బాడుగింటికి తీసుకుపోదామని అమ్మ మనుషులను పిలిపించింది. నేసేటప్పుడు ఊగకూడదని నువ్వే దాని గుంజలను నేలలో సిమెంటు పోసి బిగించావు కదా. గడ్డపార దెబ్బ పడగానే షావుకారు అడ్డం వచ్చాడు.

"ఏమ్మా, నేలలో నాటుకున్నేదంతా ఇంటి లెక్కే. రేపు వాకిళ్లు గూడా పీక్కోని పోతారా?"

"అది ఆయన మగ్గమన్నా. దాన్ని మేము అమ్మలేదు," అంది అమ్మ.

"యాడికి పోతాదమ్మా, ఈడనే ఉంటాది. నీ కూతురొచ్చి నేసుకోనీ. కూలి ఇస్తా."

ఇద్దరూ నా వైపు చూశారు. కాన్వెంటులో అన్నేళ్లు చదివినా నాకు ఒక్క మాట రాలేదు. షావుకారు దాన్నే ఒప్పుకోలు అనుకున్నాడు.

ఈ ఉదయం మన తలుపు తట్టి, షావుకారు ఇంటివాళ్లు తీసేదాకా బయట నిలబడ్డాను. మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంత నీ కాళ్ల పొడవుకు తవ్వింది. అడుగున తొక్కుడు చెక్కలకు పాదాలు అందక అంచుకు జరిగి కూర్చుని, సాయంత్రం దాకా నేశాను.

నువ్వు బిగించిన గుంజలు కొంచెం కూడా కదలలేదు నాయనా.