కళావతి మింగిన ధైర్యం బిళ్ళ

సబా అల్ సలేం, కువైట్
సెప్టెంబరు 1990

చెల్లెలు సుధారాణికి, మీ అక్క ప్రాణాలతో ఉంది, పైగా నవ్వుతూ ఉంది.

ఇరాక్ సైన్యం రాగానే నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం మామా అంటామే, ఆమె వాళ్ళు సౌదీకి వెళ్ళిపోయారు. ఈ ఇంట్లో ఇప్పుడు మన కడప ఆడవాళ్ళమే చేరి బియ్యం, చక్కెర, సబ్బు అన్నీ పంచుకుంటున్నాం. తుపాకుల మోతలోనూ నేను గుర్రుపెడుతున్నానని వీళ్ళలో కళావతి కన్ను నా దిగులు మందు మీద పడింది.

"నీ ధైర్యం బిళ్ళ నాకూ ఒగటి ఈయక్కా."

"బియ్యమైతే ఇస్తా. ఇది డాక్టరు నాకు రాసిచ్చిండేది, ఈను."

ఊరుకుందా? పొద్దున్నే దొంగతనంగా మింగి, రొట్టెల వరుసలో గోడకానుకుని నిలబడే నిద్రపోయింది! పక్కింటి మలయాళీ నర్సమ్మ నడిపించుకొచ్చి మా అందరికీ చీవాట్లు పెట్టింది. ఒకరి మందు ఇంకొకరు మింగకూడదట, మత్తు వెంటనే వచ్చినా దిగులు మీద ఇది పనిచేయడానికి వారాలు పడుతుందట, ఉన్నట్టుండి ఆపకూడదట. నా బిళ్ళలు అయిపోకముందే ఆసుపత్రిలో డాక్టరుతో మళ్ళీ రాయించి తెచ్చింది కూడా. ఆ పూట రొట్టెల్లేక అందరం గంజి తాగాం, కళావతి మాత్రం గుర్రుపెట్టింది.

బర్రె ఈనిందా? పిల్లోడి పుట్టెంట్రుకలు నేనొచ్చేదాకా తీయించొద్దు. కాగితాలు రాగానే బయలుదేరతాను. ఈ కార్డు, నాకంటే ముందే ఇంటికి బయలుదేరుతున్న రాయచోటి నయీమ్ బొంబాయిలో పోస్టు డబ్బాలో వేస్తాడు.

కాన్పయ్యాక నీకు రాసిన దిగులు మందును, మీ అత్త పిచ్చోళ్ళ మందు అనిందని ఆపేశానని పోయిన జాబులో రాశావు. కార్డు అందిన రోజే డాక్టరమ్మ దగ్గరికి పో. అమ్మకు దండాలు, పిల్లోడికి ముద్దులు.

వీధిలో సైన్యం నిలబడినా నేను మానలేదే, గడపలో మీ అత్త నిలబడితే నువ్వు మానేస్తావా?

ఓబులక్క