చెలమలో ఎర్రనీళ్లు

బావా, నీకు ఉత్తరమెందుకులే అని ఊరుకుందామనుకున్నాను. బతికుండగానే నా మాట వినని మనిషివి, పోయాక వింటావా? నీ సంవత్సరీకం అయ్యాక, నువ్వు ఏటా డేరా వేసే వాగు మలుపులోని ఇసుక తిన్నె మీద ఒక్క రాత్రి ఉండాలని అక్క పట్టుబట్టింది. తీసుకెళ్లాను. ఆవపల్లి దాటాక జీపు రెండుసార్లు మొరాయించింది, ఆ కథ వేరే. ఎగువ కొండ మీది ఇనుప గని ఎర్రమట్టి ఆ వాగులోకి అంత దూరం రానే రాదని వాదించి, నువ్వు నాతో మాట్లాడటమే మానేశావు, గుర్తుందా? డేరా వేసి, తాగునీళ్లకు ఇసుకలో చెలమ తవ్వాను. ఎర్రనీళ్లు ఊరాయి.

"చూడక్కా, మీ ఆయన మాట!" అన్నాను.

"పోయిన మనిషితో నీకేంది రా పోట్లాట? కాసేపాగితే తేరుకుంటయి," అంది.

పొద్దు వాలేదాకా చూశాం. తేరుకోలేదు. అక్క దోసిట్లో ముంచి ఒక గుక్క తాగి, ఉమ్మేసింది. తర్వాత డేరా మేకులు పీకింది.