పేషెంటు పేరు నాగమణి

ఏప్రిల్ 12, ఆదివారం

బట్టలు రెండు వాయిలు. ఇడ్లీ పిండి రుబ్బాను. పెరట్లో రాలిన జామలాంటి ఫిజోవా పళ్ళు ఏరితే బకెట్ నిండింది. సగం పచ్చడికి, సగం పక్కింటికి. బాత్రూమ్ కడిగాను. చివరి పని: ఒక గంట పేషెంటుగా పడుకోవడం.

ఇది కొత్త పని కనుక వివరం రాసుకుంటున్నాను. మా వెనక గదిలో అద్దెకుండే నిరుపమ హన్మకొండలో ఎనిమిదేళ్ళు స్టాఫ్ నర్సు. ఈ దేశంలో నర్సు కావాలంటే క్రైస్ట్‌చర్చ్ వెళ్ళి ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పాసవ్వాలి. మంచం మీద ఒక యాక్టరు పేషెంటుగా ఉంటారట, ఎగ్జామినరు మూల నుంచి చూస్తుంటారట. ఒకసారి పరీక్ష పోయింది. చేతి పనిలో ఏ తప్పూ లేదు. కానీ పేషెంటును అడగాల్సినవన్నీ పక్కన స్టూలు మీద కూర్చున్న కూతురిని అడిగింది. మన దగ్గర పేషెంటునెవరు అడుగుతరు ఆంటీ, అటెండెంటునే అడుగుతం కదా అంది.

ఈ నెల 28న రెండోసారి. ఇదీ పోతే వీసా గడువులోపల ఇంకో తేదీ దొరకదు. ఇంటికి తిరుగు ప్రయాణమే.

ఏప్రిల్ 14

మా ఆయన గిరిధర్‌ను అటెండెంటుగా స్టూలు మీద కూర్చోబెట్టాం. బస్సు డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫామ్‌లోనే, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు.

నిరుపమ చేతులు కడుక్కుని వచ్చి తన పేరు చెప్పింది. మిమ్మల్ని ఏమని పిలవమంటారు అని అడిగింది. ఆంటీ అనకూడదట. నాగమణి అన్నాను. నా గొంతులో ఆ పేరు ఎవరిదోలా వినిపించింది. ఈయన ఏమోయ్ అంటారు, మిగతావాళ్ళు ఆంటీ అంటారు.

బీపీ చూడనా అని నా అనుమతి అడిగింది. బాగానే నడిచింది. ఇంతలో ఆమె తల స్టూలు వైపు తిరిగిపోయింది. పొద్దున ఏమన్నా తిన్నదా అంకుల్ అంది. తిన్నది తిన్నది, రెండు ఇడ్లీలు అన్నారాయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే. నేను తిన్నది ఉప్మా.

నిరుపమ నుదురు కొట్టుకుంది.

ఏప్రిల్ 15

వాన. ఫిజోవాలు ఏరలేదు.

ఏప్రిల్ 17

మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉండగా మేమిద్దరమే. నిరుపమ కిటికీ తెరిచింది. తెర లోపలికి ఉబ్బి, మళ్ళీ బయటికి పోతోంది. గదంతా పండిన ఫిజోవాల వాసన. మణికట్టు మీద ఆ పిల్ల వేళ్ళు. కళ్ళు మూసుకుంటే మంచం గోడ నుంచి జానెడు జరిగినట్టూ, ఇంకాస్త జరగబోతున్నట్టూ అనిపించింది. మీరు గిట్ల నిద్రపోతే నేనెవర్ని అడగాలె అని నవ్వింది.

సాయంత్రం ఆయన వచ్చాక మళ్ళీ. కిటికీ మూశారు. ఆయనకు చలి. చివర్లో ఒక ప్రశ్న తప్పక అడగాలట: మీకు ముఖ్యమైనది ఏమిటి అని. నేను నోరు తెరిచేలోగా ఆయన అందుకున్నారు. ఆమెకేం గావాలె, ఇల్లు మంచిగుంటే చాలు అన్నారు. నిరుపమ అది రాసేసుకుంది. తర్వాత ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

మరి మీ జవాబేంది ఆంటీ అంది. తట్టలేదు. ఈ డైరీలోనే పద్దు రాశాను: నిరుపమకు బాకీ, ఒక జవాబు.

ఏప్రిల్ 20

బీన్స్ ఈనెలు తీస్తూ ఆలోచించాను. కొత్త మిక్సీ? కాదు. మోకాళ్ళ నొప్పి తగ్గడం? అదీ కాదు.

తెల్లవారుజామున కల వచ్చింది. మా ఇంటి దగ్గరి మౌంట్ రాస్కిల్ కొండ వాలు పొడుగునా గడ్డి మీద తెల్లటి మంచాలు. ఒక్కొక్క మంచం దగ్గరా ఆగి ఎవరో పేరు అడుగుతున్నారు. నా వంతు వచ్చేసరికి ప్రెషర్ కుక్కర్ కూత. లేచి చూస్తే స్టవ్ మీద ఏమీ లేదు.

ఏప్రిల్ 22

నిరుపమ అన్నం తినలేదు. నా తల దానంతటదే అటు తిరుగుతది ఆంటీ, మెడకు పట్టీ వేసుకుని పోవాల్నా అని నవ్వబోయి ఏడ్చింది.

గిన్నెలు కడుగుతుంటే తట్టింది. తిరుగుతున్నది ఆమె తల ఒక్కటే కాదు. ఏదడిగినా ముందు నేనే ఆయన వైపు చూస్తున్నాను. నా చూపు వెంటే ఆ పిల్ల చూపు పోతోంది.

ఏప్రిల్ 25, ఆంజాక్ డే (ఇక్కడి సైనికుల స్మారక దినం)

ఆయనకు సెలవు. ఆఖరి ప్రాక్టీసు. స్టూలు ఎప్పటి చోటే.

నొప్పి ఎక్కడ అంది. నిరుపమ ముఖం మీంచి చూపు తిప్పకుండా మోకాలు అన్నాను. నిద్ర పడుతోందా అంది. ఆయన మంచిగనే పడుతది అనబోయారు. నన్నడిగింది అన్నాను. గట్టిగా అనలేదు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు.

మీకు ముఖ్యమైనది ఏమిటి నాగమణి గారూ అంది. ఇంకా తెలియదు అన్నాను. ఆమె తల తిప్పలేదు. ఎదురుచూసింది. ఆయనా ఈసారి నా బదులు అందుకోలేదు. దుప్పటి మీద ఎండ చెయ్యంత మేర జరిగేదాకా అలాగే ఉన్నాం.

ఏప్రిల్ 28

నిరుపమ నిన్ననే క్రైస్ట్‌చర్చ్ వెళ్ళింది. ఉదయం ఫోన్ లేదు. వండిన చారే మళ్ళీ వండబోయాను.

సాయంత్రం చేసింది. పేషెంటుగా ఒక ముసలావిడ ఉందట. స్టూలు మీద కొడుకు అన్నిటికీ ముందే జవాబు చెబుతున్నాడట. థాంక్యూ అని అతనితో అని, మళ్ళీ ఆవిడ వైపే చూస్తూ నిలబడ్డదట. ఎంతసేపని అడిగాను. మొన్న మీ జవాబు కోసం ఎంతసేపు ఆగిననో అంతసేపు అంది.

మే 8

నిరుపమ పాస్. ఈమెయిల్‌ను మాకు పైకి చదివి వినిపించింది. గిరిధర్ తనే వెళ్ళి స్వీట్లు తెచ్చారు. అందరికన్నా ముందు నా వైపు డబ్బా చాపి, నీకేది కావాలె అన్నారు.

మే 9

రాత్రి కిటికీ తెరిచి పడుకోవాలి. అదే నా జవాబు. పొద్దున నిరుపమతో చెప్పాను. ఆయన విని లోపలికెళ్ళి తన కోసం రెండో రగ్గు తెచ్చుకున్నారు.

బాకీ చెల్లు.