నిలబడటం ఎవరి బలం?

ఆదివారం, చిత్తూరు

ఈరోజు నా స్నేహితురాలు లావణ్య చేతిలో ఓడిపోయాను. చిన్నప్పుడు మా ఇద్దరికీ బాక్సింగ్ నేర్పింది నాయనే. తర్వాత తను బెంగళూరు వెళ్లి, పట్లు పట్టి పడేసే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో చేరింది. సెలవుకు వచ్చి, "మా పద్ధతిలో ఒకసారి ఆడి సూస్తావా?" అని పిలిచింది.

మొదట్లో నాదే పైచేయి. నా ఎడమచేతి గుద్దులు నేరుగా తన ముఖానికి తగిలాయి. ఇంకొకటి విసిరేలోపే తను వంగి నా కాళ్లు రెండూ పట్టేసింది. వెల్లకిలా పడ్డాను. పైనుంచి మెడ బిగించేసరికి మ్యాట్ మీద తట్టి ఓటమి ఒప్పుకున్నాను.

లావణ్య నవ్వలేదు. "నిలబడి కొట్టుకుంటే నీ ముందర నేను ఆగలేనే. అందుకే పడేసినా" అంది.

పక్కనే నిలబడి చూస్తున్న నాయనకు కోపం వచ్చింది. "కాళ్లు పట్టుకునేది ఒక ఆటనా? దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు పాపా" అన్నాడు.

ఆ మాటతో నా మనసు కుదుటపడలేదు. ఇన్నాళ్లూ నిలబడటం నా బలమే అనుకున్నాను. నా కాళ్లు ఎవరూ పట్టుకోకుండా కాపాడింది బాక్సింగ్ నియమం. అది లేని చోట నా గుద్దుకు విలువెంత?

లావణ్యను సాగనంపుతూ, "పడకుండా ఉండేది నేర్పిస్తావా?" అని మెల్లగా అడిగాను.

"ముందు పడేది నేర్చుకో. రేపు పొద్దున్నే రా" అంది.

వస్తానన్నాను. రేపు పొద్దున్నే నాయన కూడా నా గుద్దుల సాధనకు ప్యాడ్లు పట్టుకుని నాకోసం నిలబడి ఉంటాడు. ఆయనకు ఏమని చెప్పాలో…