చిలప నీలమయ్యేదాంక

బాపూ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. నూలుకు నీలి రంగేసే నీ కాగు సంగతి మొన్న కరీంనగర్ కాలేజీల మా కెమిస్ట్రీ సారు చెప్పిండు. పులిసిన కాగుల రంగుకు ఎలక్ట్రాన్లు అందుతయట, అది క్షయకరణం. అప్పుడే రంగు నీళ్లల్ల కరిగి నూలు లోపలికి దిగుతది. బయటికి తీస్తే గాలిల ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను గుంజుకుంటది, అది ఆక్సీకరణం. అప్పుడు నీలం తేలుతది.

చిన్నప్పుడు కాగుల నీళ్లు పసుపుపచ్చగున్నయని, జల్ది నీలం కావాలని నేను కట్టెతోని గిలకొట్టిన. గాలి కలిసి కాగంత ఖరాబైంది. నువ్వు కొట్టలే. "కాగులనే నీలమైతే నూలుకేం పడుతది బిడ్డా" అన్నవు, గంతే.

ఇగ మిల్లు రంగు నూలే వస్తదని, ఏడాదిగ పులుపు పోకుండ చూసుకున్న కాగును అవ్వ ఇయ్యాల ఒంపేద్దామన్నది. ఒంపేముందు నేనొక నూలు చిలప ముంచి తీసిన.

నూలు రంగు తిరిగేదాంక నువ్వు ఊపిరి బిగబట్టేటోనివి. "గాలి ముందుగాల దానికి" అనేటోనివి. మేమూ బిగబట్టేటోళ్లం. నువ్వు ఊపిరి తీసుకున్నంకనే మేం తీసుకునేటోళ్లం.

ఇయ్యాల గూడ అవ్వ, నేను గట్లనే నిలబడ్డం. చిలపంత నీలమైంది. ఎవరు ముందు ఊపిరి తీసుకోవాల్నో మాకు తెల్వలే.

నీ బిడ్డ