మొదలు లేని పుట్టగొడుగు

సెప్టెంబరు 3
దర్శి బస్సులో వదిన పంపిన డబ్బా అందింది. మా మిరప చేనుకు ఆనుకున్న కొండ వాలులో దొరికాయట. తెల్లవి, సన్న కాడ... నా పరిశోధనలో ఇంతవరకూ ఎదురుపడనివి. ఒక్కదానికీ మొదలు లేదు. మళ్ళీ విరిచేసింది. ఏ జాతో తేల్చాలంటే మట్టిలో ఉండే ఆ భాగమే కావాలి.

ఫోన్ చేస్తే పాత పాటే. "పెకలిస్తే వచ్చే ఏడు పుట్టవే అమ్మాయ్. మొదలు ఉంచి విరుచుకోవాలి."

మిగిలినవి వండొద్దన్నాను. నవ్వింది.

సెప్టెంబరు 4
రాత్రి వండింది. తెల్లారేసరికి వాంతులు, విరేచనాలు. అన్నయ్య పుట్టగొడుగులు ముట్టడు, బతికిపోయాడు. గుంటూరు తీసుకొచ్చి చేర్పించాడు. "ఏ రకమో తెలిస్తే మేలమ్మా" — డాక్టరుగారు.

సాయంత్రానికి కొండ దగ్గరున్నాను. విరిచిన చోట మొదళ్ళు మట్టిలో అలాగే ఉన్నాయి. చేత్తోనే తవ్వాను. అడుగున తెల్లటి సంచి. తెల్ల పుట్టగొడుగుకి కింద సంచి ఉంటే తినకూడదు, మేం నేర్చుకునే మొదటి పాఠం అదే. అక్కడే కూలబడి ఏడ్చాను.

సెప్టెంబరు 5
రాత్రంతా నిద్ర లేదు. సంచి ఫొటోలు, కొలతలు గైడ్‌గారికి పంపాను. డాక్టరుగారికీ చెప్పాను. ఖచ్చితమైన విరుగుడంటూ లేదట.

సెప్టెంబరు 6
వదిన లేచి కూర్చుంది. మజ్జిగ అడిగి తాగింది. అన్నయ్య కిందికెళ్ళి టిఫిన్ తిని వచ్చాడు. నాకు తెలుసు — ఈ విషం మధ్యలో కాస్త వదిలిపెట్టినట్టే ఉంటుంది. లోపల కాలేయాన్ని తింటూనే ఉంటుంది. అన్నయ్య ముఖం చూసి చెప్పలేకపోయాను.

అప్పుడే గైడ్‌గారి ఫోన్. "ఎక్కడా నమోదైనట్టు లేదమ్మా. కొత్త జాతే అనిపిస్తోంది. పేరు ఆలోచించుకో." ఇన్నేళ్ళూ కొండలు పట్టుకు తిరిగింది ఈ మాట కోసమే. ఒళ్ళు మండిపోయింది.

వదిన చెవిన పడనే పడింది. "కొత్తదా? అయితే నా పేరు పెట్టవే. కోటేశ్వరమ్మ. తెల్లోళ్ళు నోరు తిరక్క తంటాలు పడాలి."

అన్నయ్య పగలబడి నవ్వాడు. పెడతానన్నాను.

సెప్టెంబరు 7
కళ్ళు పచ్చబడ్డాయి.

"నిన్న బాగానే ఉందిగా?" అన్నయ్య కనిపించిన ప్రతి నర్సునూ అదే అడుగుతున్నాడు. నన్నూ అడిగాడు.

సెప్టెంబరు 8
మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. అన్నయ్యను ఎవరని అడిగింది.

బట్టల కోసం బ్రాడీపేట గదికి వచ్చాను. మొదళ్ళు ఎండాయి. డబ్బాలో సర్ది చీటీ రాస్తున్నాను. దొరికిన చోటు — రాశాను. సేకరించినవారు — వదిన పేరే రాశాను, అది నిజమే కదా. జాతి పేరు దగ్గర చెయ్యి ఆడడం లేదు. ఈ పాడుదానికా ఆవిడ పేరు...

మాట ఇచ్చాను. వెనక్కి తీసుకుంటానని చెప్పుకోవాలి. ఎవరికి చెప్పను, నన్ను గుర్తే పట్టడం లేదు.