చివరి ఇంటి గోడ

ప్రియమైన అమ్మకు,

నీ పెద్దకూతురు ప్రభువు నామంలో వందనాలతో రాస్తున్నది. నువ్వూ, తమ్ముడూ, మరదలూ, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి ప్రాణం కుదుటపడింది. ఇక్కడి క్షేమం సంగతి ఈసారి చివర్లో రాస్తాను. నీకు ఏది చదివినా ముందు ఆఖరి పేజీ తిప్పే అలవాటుంది. ఈ ఒక్కసారికి వరసగా చదువు.

నువ్వడిగినవి ఒక్కొక్కటే చెప్తాను. వేళకు తింటున్నానా అన్నావు, తింటున్నాను. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తావు. ముఖాలకు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నాం కదా, ఈ అదనులో ఎవరైనా మోసపోతే కబురు చేస్తాలే. మీ చర్చివాళ్ళు ఏం చేస్తున్నారు, తలుపులు మూసుకుని పాటలు పాడుకుంటున్నారా అని దెప్పావు. దానికి జవాబు కాస్త పొడుగు.

జబ్బు ఇంకా మా వీధికి రాకముందే పాస్టరు గారు అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడారు. సంఘ పెద్ద సంగతి నీకు తెలుసుగా, లేచి నిలబడి, "మనం ప్రార్థన చేద్దామండీ, మిగతాది దేవుడే చూసుకుంటాడు" అన్నారు. "తప్పకుండా చేద్దాం. చేశాక ఈ బల్లలు బయటికి మొయ్యాలి, మీరూ ఒక చెయ్యి వెయ్యండి" అన్నారు పాస్టరు గారు. ఆ సాయంత్రానికి హాల్లో బల్లలు పోయి మంచాలు వచ్చాయి. సంఘ పెద్ద నడుం పట్టుకుని మూలుగుతూనే అన్నిటికంటే బరువైన బల్ల తానే మోశారు.

ఆస్పత్రిలో పనిచేసి మానేసిన నర్సమ్మ మాకు చేతులు కడుక్కోవడం నేర్పింది. ఈ వయసులో చేతులు కడుక్కోవడం నేర్చుకుంటానని నేననుకోలేదు. భోజనం గుమ్మం ముందు స్టూలు మీద పెట్టి, తలుపు తట్టి, వెనక్కి జరిగి నిలబడాలి. ఎవరు ఒంటరిగా ఉంటున్నారు, ఎవరికి ఏ మందు కావాలి అని వీధంతా తిరిగి అడిగాం. మా సంఘం వాళ్ళనే కాదు, చర్చి గడప తొక్కని కుళాయిల మేస్త్రీని కూడా.

గోడలు తట్టుకునే సంగతి పోయిన ఉత్తరంలో ముక్తసరిగా రాశాను కదా, అది కుట్టు పిన్ని బుర్రలోంచి వచ్చింది. మా ఇళ్ళన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి కదా. ఆ చివర పాస్టరు గారిల్లు, ఈ చివర నాది, నా గోడకు అవతల చర్చి హాలు. దీపాలు పెట్టేవేళ పాస్టరు గారు పక్క గోడను రెండుసార్లు తట్టాలి. విన్నవాళ్ళు తామూ బాగుంటే వాళ్ళ పక్క గోడను రెండుసార్లు తట్టాలి. ఎవరికైనా బాగా లేకపోతే మూడుసార్లు. అలా ఇల్లిల్లూ దాటి నా దాకా వస్తే, రెండైతే నేను చర్చి గంట ఒక్కసారి కొడతాను, అందరూ భోజనాలకు లేస్తారు. మూడైతే ఆపకుండా కొడతాను, అందరూ గుమ్మాల్లోకి రావాలి. ఫోనులున్నాయి కదా అన్నారు సంఘ పెద్ద. "ఫోనులో మనుషులు బాగున్నామని అబద్ధాలాడతారయ్యా. గోడతో ఎవరూ మర్యాదకు మాట్లాడరు" అంది పిన్ని.

పిన్ని కళ్ళు ఎలా ఉన్నాయి, ఇంకా సూదిలో దారం తనే ఎక్కించుకుంటోందా అని అడిగావు. అమ్మా, నీ స్నేహితురాలు లేదు. ఇలా కాగితం మీద చెప్పాల్సి వచ్చినందుకు నాకు ఏడుపొస్తోంది. వీధి మొత్తానికి ముఖం గుడ్డలు కుట్టింది. చివరి గుడ్డ మిషను సూది కిందే ఉండిపోయింది.

ఆమెది నా పక్కిల్లే. ఒక మధ్యాహ్నం స్టూలు మీద ముందురోజు భోజనం కూడా అలాగే ఉండటం చూశాం. "నిన్న సాయంత్రం తట్టింది కదా, నేను విన్నాను" అన్నాను. అవతలి పక్కింటి రిటైరయిన టీచరమ్మ కూడా, "నేను తడితే లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది" అంది. పాస్టరు గారూ నర్సమ్మా తలుపు తీయించి లోపలికి వెళ్ళారు. బయటికొచ్చాక నర్సమ్మ చాలాసేపు చేతులు కడుక్కుంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "నిన్న సాయంత్రం తట్టిందన్నావు. ఆమె పోయి అప్పటికే ఒక పూట దాటింది" అంది.

పిన్నిని సాగనంపాక ఆ ఇంటికి తాళం వేశారు. మధ్యలో ఇల్లు ఖాళీ కాబట్టి టీచరమ్మ ఇక నాకు ఫోను చెయ్యాలని అనుకున్నాం. మొదటి సాయంత్రం ఫోను మోగింది, "బాగున్నానమ్మా" అంది. ఫోను పెట్టేశాను. వెంటనే పిన్ని గోడలోంచి, మిషను పక్కనుండే చోటి నుంచే, రెండు దెబ్బలు వినబడ్డాయి. వేలికి తొడుక్కునే కుట్టుతొడుగుతో తట్టేది కదా పిన్ని, ఆ గట్టి చప్పుడే. గోడ నుంచి రెండడుగులు వెనక్కి జరిగాను. అయినా వెళ్ళి గంట కొట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వీధి వీధంతా భయపడి గోడల దగ్గరికే రావడం మానేస్తుందనుకున్నాను.

రోజూ అంతే. ముందు ఫోను, తర్వాత గోడ. అలవాటైపోయింది. ఒక్కోరోజు "వింటున్నా పిన్నీ" అని పైకే అనేదాన్ని.

తర్వాత ఒక సాయంత్రం ఫోనులో టీచరమ్మ "బాగున్నానమ్మా, గంట కొట్టుకో" అంది. గోడ మాత్రం మూడుసార్లు మోగింది. గంట దగ్గరికి కాదు, నేరుగా టీచరమ్మ ఇంటికి పరుగెత్తాను. తలుపు వెనకాల నేలమీద ఉంది, ఊపిరి అందడం లేదు, ఫోను చేతిలోనే ఉంది. హాల్లో మంచానికి మోసుకెళ్తుంటే, "నాకెందుకమ్మా మంచం, చిన్నవాళ్ళకుంచండి" అని గొణిగింది. ఎలా కనిపెట్టావని పాస్టరు గారు అడిగారు. గొంతు తేడాగా ఉందన్నాను. టీచరమ్మ ఇప్పుడు కోలుకుంటోంది, నర్సమ్మ రాసే కాగితాల్లో తప్పులు దిద్దుతోంది.

అప్పటినుంచి టీచరమ్మకు అవతలి ఇంట్లో ఉండే కుళాయిల మేస్త్రీ ఫోను చేసేవాడు. కొన్నాళ్ళకు ఒకరోజు అతను బాగున్నామన్నాడు, గోడ మూడు కొట్టింది. ఈసారి గంట ఆపకుండా కొట్టాను. అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. ఒక్కొక్కరినీ అడిగాం, ఎవరికీ ఏమీ లేదు. సంఘ పెద్ద దూరం నుంచే, "గంటతో ఆటలేమిటమ్మా?" అని కసిరారు. తల దించుకుని ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాను. గోడ మళ్ళీ మూడు కొట్టింది. ఈసారి మెల్లగా, పక్కన కూర్చున్న మనిషిని పిలిచినట్టు.

అమ్మా, ఇప్పుడు చెప్పేది వింటే తిడతావని తెలుసు. ఆ పొద్దుటినుంచే నాకు జ్వరం. మాత్ర మింగి దాచాను. భోజనాలు ముట్టుకోలేదు, ఎవరి దగ్గరికీ పోలేదు, ఆ మాత్రం బుద్ధి ఉంది. కానీ చెప్పలేదు. నేను పడుకుంటే గంట ఎవరు కొడతారని మొండికేశాను. గుమ్మాల్లో నిలబెట్టి అందర్నీ అడిగామే, నన్ను అడగాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నీ ఉత్తరంలో ఒక ప్రశ్న మిగిలింది. "అందరి గోడలూ నువ్వు వింటావు సరే, నీ గోడ ఎవరు వింటారే?" అని అడిగావు. అంతమంది కూర్చుని అన్ని ఏర్పాట్లు చేశాం. ఈ ఒక్కటీ ఎవరం ఆలోచించలేదు. చివరి ఇంటికి అవతల ఇల్లు లేదు.

ఆ సాయంత్రం మెల్లటి ఆ మూడు దెబ్బలూ విన్నాక నేను లేచి చర్చి వైపు గోడను మూడుసార్లు తట్టాను. తర్వాత అవతల టీచరమ్మ మంచం కిర్రుమంది. "నర్సమ్మా, పక్కింట్లో చూడండి, త్వరగా" అని బడిలో అరిచినట్టు అరిచింది. అక్కడి నుంచి నాకు సరిగ్గా గుర్తులేదు.

కొన్ని రోజులు ఏదీ తెలియలేదు. ఇప్పుడు జ్వరం దిగింది, నడిస్తే కాళ్ళు వణుకుతాయి, అంతే. నేనిప్పుడు హాల్లో, మా ఇంటి గోడ పక్క మంచం మీద ఉన్నాను. ఈ కాగితం ఎండలో ఉంచి పంపమని నర్సమ్మకు చెప్పాను, భయం లేకుండా ముట్టుకో. ఇంకెప్పుడూ దాచను, ఒట్టు.

ఒక్క మాట రాసి ముగిస్తాను. మా ఇంటికీ తాళం వేశారు, తాళంచెవి నా దిండు కింద ఉంది. నిన్న దీపాలవేళ పాస్టరు గారు తన గోడ తట్టి వచ్చి, మేస్త్రీ ఫోనుకోసం ఎదురుచూస్తూ నా మంచం పక్కనే, పిన్ని కుట్టిన ముఖం గుడ్డతోనే నిలబడ్డారు. ఫోను మోగకముందే మా ఇంటి గోడలోంచి రెండు దెబ్బలు వినబడ్డాయి, కుట్టుతొడుగు చప్పుడు. పాస్టరు గారు నా వంక చూశారు. నేను టీచరమ్మ వంక చూశాను. టీచరమ్మ దుప్పటి సర్దుకుంటూ, "విన్నారుగా, వెళ్ళి గంట కొట్టండి" అంది. ఆయన వెళ్ళి ఒక్కసారి కొట్టి వచ్చారు.

నీ ప్రశ్నకు జవాబు అదేననుకుంటాను అమ్మా. పిన్ని ఒక ఇల్లు ఇటు జరిగింది. ఇక్కడ మేము క్షేమం.

ఇట్లు,
అందరి గోడలూ విన్న
నీ మొండి పెద్దకూతురు